ఎడారి ఎవరిది? అణు పరీక్షల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో వలస పాలన ముగిసిన రోజుల గురించి రాస్తూ ఒక మాట అన్నాను. ఆఫ్రికా, పసిఫిక్ దేశాలకు స్వాతంత్ర్యం వచ్చిన కథనీ, అదే నేల మీద జరిగిన అణుబాంబు పరీక్షల కథనీ విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయని. ఆ ఒక్క మాట మీదే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాను, పేర్లు వేయలేదు, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: బాంబును ఎక్కడో ఒకచోట పేల్చి చూడాలి కదా. మనుషులు లేని ఎడారిని ఎంచుకుంటే తప్పేముంది? దాన్ని వలస పాలనతో ఎందుకు ముడిపెడుతున్నారు?
— డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను బాబూ. అక్కడ మనుషులు లేరని కాగితం మీద రాసింది ఎవరు అన్న ప్రశ్న వేసుకున్నాకే నా ఆలోచన మారింది. మన ఊళ్ళలో రెవెన్యూ రికార్డులో పోరంబోకు, బంజరు అని రాసి ఉన్న భూమిలోకి ఒకసారి నడిచి వెళ్ళి చూడండి. మేకలు మేస్తుంటాయి, కట్టెలు ఏరుకునేవాళ్ళు కనిపిస్తారు, ఏ వేపచెట్టు కిందో పసుపు రాసిన రాయి ఉంటుంది. రికార్డుకు అది ఖాళీ, ఊరికి కాదు.

సహారా కూడా అంతే. ఫ్రాన్స్ తన మొదటి అణుబాంబును పేల్చిన చోటికి దగ్గరి ఊరు రెగ్గాన్. అది అల్జీరియా నడి సహారాలో ఖర్జూర తోటల ఊరు, తువాత్ అనే ఒయాసిస్సుల వరుసకు దక్షిణపు కొస. అక్కడివాళ్ళు నేల కింద కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వి, ఊటనీటిని వాలుకు పారించి, ఎవరి వంతు ఎంతో లెక్కకట్టి పంచుకుంటూ వందల ఏళ్ళుగా తోటలు పెంచారు. అంత పద్ధతిగా నీళ్ళు పంచుకునే ఊళ్ళున్న చోటును ఖాళీ అనడానికి నోరెలా వస్తుంది? 1960 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఊరికి దక్షిణంగా హమూదియా దగ్గర ఒక టవర్ మీద ఆ బాంబు పేలింది. దాని శక్తి దాదాపు 70 కిలోటన్నులు, హిరోషిమా బాంబుకు నాలుగు రెట్ల పైనే. ఇంట్లోంచి బయటికొచ్చి నేల మీద బోర్లా పడుకోమనీ, కళ్ళు మూసుకోమనీ తమకు చెప్పారని ఊరివాళ్ళు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో, ఏం తినకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ బాంబు ధూళి ఎంతదూరం పోయిందో ఫ్రెంచి సైన్యం అప్పుడే పటం గీసి పెట్టుకుంది. అది 2013లో రహస్యపు పెట్టెలోంచి బయటికొచ్చి 2014లో పత్రికకెక్కింది. చూస్తే ధూళి పశ్చిమ, మధ్య ఆఫ్రికాల మీదుగా పోయింది, ఉత్తరాన స్పెయిన్, సిసిలీ తీరాలనూ తాకింది.

ఇక వలస పాలనతో ముడి సంగతి. 1960లోనే భూగర్భ పరీక్షల కోసం ఫ్రాన్స్ కోర్సికా దీవిలో అర్జాంతెల్లా అనే పాత గనిని కూడా పరిశీలించింది. కోర్సికా జనం వీధుల్లోకొచ్చారు, వాళ్ళ ప్రజాప్రతినిధులు గోల చేశారు, ఆ ఏడాదే ఆలోచన మూలపడింది. కోర్సికా వాళ్ళు ఫ్రెంచి ఓటర్లు, వాళ్ళ కేక పారిస్‌లో వినబడుతుంది. తువాత్ తోటల్లో మనిషి కేక పెడితే ఎవరికి వినబడుతుంది? నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు మొత్తం ఇందులోనే ఉంది. స్థలాన్ని ఎంచేటప్పుడు జనం ఎంతమంది అన్నదొక్కటే చూడలేదు, వాళ్ళ మాటకు విలువ ఉందా లేదా అన్నది కూడా తేల్చుకున్నారు.

బ్రిటన్ తన సొంత గడ్డ మీద ఒక్క అణుబాంబు కూడా పేల్చలేదు. ఆస్ట్రేలియాలో మారలింగా, ఈము ఫీల్డ్, మాంటెబెల్లో దీవులు, తర్వాత పసిఫిక్‌లో మాల్డెన్, క్రిస్మస్ దీవులు. సోవియట్ యూనియన్ 450కి పైగా పరీక్షలు చేసిన సెమీపలాతిన్‌స్క్ కజక్ గడ్డి మైదానం, చైనా ఎంచుకున్న లోప్ నోర్ ఉయ్‌గుర్ల ప్రాంతం. అమెరికా తన దేశంలోనే నెవాడాలో పేల్చింది కదా అని మీరు అడగొచ్చు, అదీ వెస్టర్న్ షోషోనీ అనే ఆదివాసులు 1863 ఒప్పందం ప్రకారం మాదేనని ఇప్పటికీ చెబుతున్న నేల. అయితే నెవాడా ధూళి యూటా తెల్లవాళ్ళ ఊళ్ళ మీదా పడిందన్నది మరిచిపోకూడదు. రంగుతోనే అన్నీ తేలిపోవు, ప్రభుత్వం ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో ప్రతిచోటా విడిగా చూడాలి.

ప్రశ్న: ఆ మొదటి బాంబుకు జెర్బ్వాజ్ బ్లూ అని పేరు పెట్టారని చదివాను. దానికి అర్థం ఏమిటి?
— గృహిణి, తణుకు

జవాబు: పొడుగాటి వెనకకాళ్ళతో గెంతే చిన్న ఎడారి ఎలుకను ఫ్రెంచిలో జెర్బ్వాజ్ అంటారు. మొదటిది నీలం, రెండోది తెలుపు, మూడోది ఎరుపు. వరసగా పెడితే ఫ్రెంచి జెండా. నాలుగోది ఆకుపచ్చ. తర్వాత కొండ కింద పేల్చిన 13 బాంబులకు పచ్చ, కెంపు, నీలం లాంటి మణుల పేర్లు పెట్టారు, పసిఫిక్‌కు పోయాక నక్షత్రాల పేర్లు మొదలయ్యాయి. ఈ పేర్లు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అక్కడి జీవి పేరూ, ఆకాశంలో చుక్క పేరూ బాంబుకు దొరికాయి కానీ బాధపడిన మనుషుల పేర్ల జాబితా మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ప్రశ్న: అల్జీరియాకు 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. అదే అల్జీరియాలో ఫ్రాన్స్ 1966 దాకా బాంబులు పేల్చిందని మీరు రాశారు. ఎనిమిదేళ్ళు రక్తం ధారపోసి పోరాడినవాళ్ళు దానికి ఎలా ఒప్పుకున్నారు? ఇది అచ్చుతప్పా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అచ్చుతప్పు కాదు మాస్టారూ. అల్జీరియా సహారాలో మొత్తం 17 పరీక్షలు జరిగితే అందులో 11 స్వాతంత్ర్యం వచ్చాకే జరిగాయి. మొదట చదివినప్పుడు నేనూ తేదీలు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

దీన్ని అర్థం చేసుకోవాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1956లో హస్సీ మెసావూద్ దగ్గర చమురు పడింది. మరుసటి ఏడు మొదట్లోనే ఫ్రాన్స్ సహారా ప్రాంతాల కోసం ఒక ప్రత్యేక సంస్థ పెట్టింది, దాని వెనకున్న ఆలోచన ఏమిటంటే అల్జీరియా పోయినా సహారా పోకూడదు. చమురు, గ్యాస్, రాకెట్ల మైదానం, బాంబు మైదానం అన్నీ దక్షిణానే ఉన్నాయి. చర్చలు మొదలయ్యాక ఎక్కువకాలం నలిగింది ఈ సహారా గొడవ మీదే. ఉత్తర అల్జీరియా మీరు తీసుకోండి, ఎడారి సంగతి వేరు అని ఫ్రాన్స్. ఒక్క గజం కూడా విడదీయడానికి వీల్లేదని స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అల్జీరియా విమోచన సంస్థ. చివరికి 1961 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ పత్రికల వాళ్ళ ముందు సహారా అల్జీరియాదేనన్న వాస్తవాన్ని ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడు గానీ ఊరికే కాదు. 1962 మార్చి 18న ఫ్రాన్స్‌లోని ఎవియన్‌లో సంతకాలైన పత్రాల్లో రెగ్గాన్, ఇన్ ఎకెర్, కొలంబ్-బెషార్ ప్రాంతాల్లోని స్థావరాలను ఫ్రాన్స్ మరో ఐదేళ్ళు వాడుకోవచ్చని ఉంది. మెర్స్ ఎల్ కెబీర్ నౌకాస్థావరానికైతే 15 ఏళ్ళు. అక్కడ ఏం చేస్తారన్నది నేరుగా రాయలేదు, స్థావరం అన్న మాటతో సరిపెట్టారు. అప్పటికి లక్షల మంది చనిపోయారు, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, యుద్ధం ఆగాలి. దేశం ముక్కలు కాకుండా కాపాడుకోవడానికి ఇచ్చిన మూల్యం ఈ ఐదేళ్ళు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను ఇప్పుడు తీరిగ్గా తప్పు పట్టడం నాకు న్యాయంగా అనిపించదు, ఆ మూల్యం చెల్లించింది మాత్రం బల్ల దగ్గర లేనివాళ్ళు, ఇన్ ఎకెర్ చుట్టుపక్కల ఒంటెలు మేపుకునే తువారెగ్‌లు, స్థావరంలో కూలికి వెళ్ళినవాళ్ళు.

యుద్ధమూ బాంబూ ఎంతగా కలిసిపోయాయో రెండు తేదీలు చూస్తే తెలుస్తుంది. 1961 ఏప్రిల్‌లో డిగాల్ అల్జీరియాను వదిలేస్తున్నాడని కొందరు ఫ్రెంచి జనరల్స్ అల్జీర్స్‌లో తిరుగుబాటు చేశారు. ఆ తిరుగుబాటు ఇంకా చల్లారకముందే, 25వ తేదీన, రెగ్గాన్‌లో నాలుగో బాంబు పేలింది. రెండో తేదీ 1962 మే 1. కాల్పుల విరమణ అయిపోయింది, స్వాతంత్ర్యానికి రెండు నెలలుంది. ఇన్ ఎకెర్‌లో కొండ కింద సొరంగంలో పేల్చిన బెరిల్ అనే బాంబుకు సొరంగం మూత నిలవలేదు. రేడియోధార్మిక మేఘం, కరిగిన రాయి కొండలోంచి బయటికి చిమ్మాయి. చూడ్డానికి వచ్చిన ఇద్దరు ఫ్రెంచి మంత్రులు, సైనికులు, అధికారులు తలో దిక్కుకు పరుగెత్తారు. మంత్రులకు వెంటనే స్నానాలు చేయించి పంపారు, ఆ గాలి వాలులో ఉన్న గుడారాలవాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1963 మార్చిలో, ఎవియన్ ఒప్పందానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, మరో బాంబు పేలితే అల్జీరియాలోని బెన్ బెల్లా ప్రభుత్వం గట్టిగా నిరసించి ఒప్పందాన్ని సవరించాలని అడిగింది. పరీక్షలు ఆగలేదు. చివరిది 1966 ఫిబ్రవరిలో. జెండా మారిన రోజున అధికారం మొత్తం చేతులు మారిందనుకుంటాం మనం, ఆ పత్రాల్లో సంతకాల కింద ఇంకా ఏమేం మిగిలాయో చదవడం చరిత్ర విద్యార్థులకు నేర్పాలి మాస్టారూ, మీరు ఇప్పటికీ పిల్లలకు పాఠం చెబుతుంటే ఈ సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: మిగతా ఆఫ్రికా దేశాలు చూస్తూ ఊరుకున్నాయా?
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఊరుకోలేదు, నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

1957లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న ఘనా ఈ పోరాటానికి కేంద్రమైంది. చలికాలంలో సహారా మీంచి దక్షిణానికి ఒక పొడిగాలి వీస్తుంది, హర్మట్టాన్ అంటారు, దుమ్ముతో ఆకాశం మసకబారుతుంది, పెదాలు పగులుతాయి. ఘనా, నైజీరియా రైతులకు ఆ గాలి ఏటా వచ్చే చుట్టం. ఇక బాంబు ధూళి ఎక్కడికి వస్తుందో వాళ్ళకు శాస్త్రవేత్తలు వచ్చి చెప్పనక్కర్లేదు. ఫ్రాన్స్ మాత్రం ఏ ప్రమాదమూ లేదని చెబుతూ పోయింది.

1959 డిసెంబర్‌లో ఘనా రాజధాని అక్రా నుంచి 19 మంది సహారాకు బయల్దేరారు. పరీక్షా స్థలం దాకా పోయి అక్కడే కూర్చోవాలని వాళ్ళ పట్టుదల. అందులో ఎక్కువమంది ఆఫ్రికన్లు, వాళ్ళతో పాటు అమెరికా నుంచి బేయార్డ్ రస్టిన్, బిల్ సదర్లాండ్, బ్రిటన్ నుంచి మైకేల్ స్కాట్ అనే పాద్రీ, ఒక ఫ్రెంచి మహిళ కూడా ఉన్నారు. రస్టిన్ అంతకు పదేళ్ళ ముందే మన దేశానికి వచ్చి గాంధేయుల దగ్గర కొంతకాలం ఉండి వెళ్ళినవాడు, తర్వాత 1963 వాషింగ్టన్ ప్రదర్శనను దగ్గరుండి నడిపించింది ఆయనే. మైకేల్ స్కాట్ పేరు మనవాళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుండవచ్చు, 1964లో నాగాలాండ్ శాంతి బృందంలో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి పనిచేసింది ఈయనే. వీళ్ళంతా ఘనా సరిహద్దు దాటి అప్పర్ వోల్టాలో, అంటే ఇప్పటి బుర్కినా ఫాసోలో, అడుగుపెట్టగానే ఫ్రెంచి అధికారులు ఆపేశారు. రోడ్డు పక్కనే మకాం వేశారు, వచ్చేపోయే జనానికి ఎందుకొచ్చామో చెప్పారు, వెనక్కి పంపితే మళ్ళీ వచ్చారు. బాంబును ఆపలేకపోయారు. కానీ ఉప్పు సత్యాగ్రహం గురించి విని పెరిగిన మనకు ఆ రోడ్డు పక్క మకాం బాగానే అర్థమవుతుంది.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కూడా 1959 నవంబర్‌లో పరీక్ష మానుకోమని ఫ్రాన్స్‌ను కోరుతూ తీర్మానించింది. ఫ్రాన్స్ వినలేదు. బాంబు పేలగానే ఘనా నాయకుడు ఎన్‌క్రుమా తన దేశంలోని ఫ్రెంచి ఆస్తులను స్తంభింపజేశాడు, మొరాకో తన రాయబారిని వెనక్కి పిలిపించింది. ఏప్రిల్‌లో అక్రాలో ఆఫ్రికా శాంతిభద్రతల పేరుతో ఒక మహాసభ జరిగింది. ఆ సభల్లో ఎన్‌క్రుమా వాడిన మాట అణు సామ్రాజ్యవాదం. మన నేల మీద మన అనుమతి లేకుండా, మన గాలిలోకి విషం వదిలే హక్కు ఎవరిచ్చారన్నదే అక్కడ ప్రశ్న.

ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 1960లో 17 ఆఫ్రికా దేశాలకు స్వాతంత్ర్యం వచ్చింది. ఒక పక్క నెలకో జెండా ఎగురుతుంటే అదే ఏడాది అదే ఖండంలో మూడు బాంబులు. నైజీరియా అక్టోబర్ 1న స్వతంత్రమైంది, డిసెంబర్ 27న మూడో బాంబు, 1961 జనవరి 5న నైజీరియా ఫ్రాన్స్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. మూడు నెలల పసిదేశం తీసుకున్న నిర్ణయం అది. మనసు ఉప్పొంగుతుంది నాకు. ఫ్రాన్స్ పాలన నుంచి అప్పుడే బయటపడిన దేశాల్లో చాలామటుకు మాత్రం గట్టిగా మాట్లాడలేదు, వాళ్ళ బడ్జెట్, సైన్యం, కరెన్సీ ఇంకా పారిస్‌తో ముడిపడి ఉన్నాయి, ఆ మౌనాన్ని కూడా చరిత్రలో రాయాల్సిందే. ఆఫ్రికాను అణ్వాయుధాలు లేని ఖండంగా ప్రకటించే పెలిందాబా ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1996లో, అమలులోకి వచ్చింది 2009లో. దాని మొదటి విత్తనం అక్రాలో పడింది.

ప్రశ్న: మేం ఆక్లాండ్‌లో ఉంటాం. ఇక్కడ రెయిన్‌బో వారియర్ ఓడ గురించి మా పాప బడిలో చెప్పారట. అది పర్యావరణం విషయం కదా, వలస పాలనకు సంబంధం ఏమిటని అడిగితే నాకు చెప్పడం రాలేదు.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆక్లాండ్

జవాబు: పాపకు ఇలా చెప్పండి అమ్మా. ఫ్రాన్స్‌కు సహారా గడువు అయిపోవస్తోంది, మరో చోటు కావాలి. పసిఫిక్‌లో తాహితీ చుట్టూ ఉన్న దీవులు ఇంకా ఫ్రాన్స్ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి బాంబులు అక్కడికి వెళ్ళాయి. 1966 నుంచి 1996 దాకా మురురోవా, ఫంగతౌఫా అనే రెండు పగడపు దీవుల్లో 193 పరీక్షలు, అందులో 41 గాలిలోనే.

ఆ రెండు దీవులు ప్రభుత్వానికి ఎలా దక్కాయో తెలుసా? 1964 ఫిబ్రవరిలో స్థానిక శాసనసభ తరపున ఐదుగురు సభ్యుల కమిటీ కూర్చుని, ముగ్గురి మద్దతుతో, ఉచితంగా రాసిచ్చింది. అంతకుముందు అక్కడ పువానా ఆ ఓపా అనే పెద్ద నాయకుడుండేవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన మనిషి. 1958లో ఫ్రాన్స్‌తో ఉంటారా లేదా అని జనాభిప్రాయం అడిగినప్పుడు వద్దని ప్రచారం చేశాడు, ఓడిపోయాడు, రెండు వారాల్లో అరెస్టయ్యాడు. పపేఏతే పట్నాన్ని తగలబెట్టించబోయాడన్న నేరం మోపి జైలు, ఆ పైన దేశబహిష్కారం విధించారు. 1968లో గానీ సొంత దీవికి తిరిగి రాలేదు. ఆ శిక్ష తప్పని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2018లో కొట్టేసింది, ఆయన పోయిన 41 ఏళ్ళకు. ఆయన్ని అరెస్టు చేసింది బాంబు కోసమేనని కొందరు అనేస్తారు, నేను అంత దూరం పోను, పరీక్షా కేంద్రం అక్కడికి రావాలన్న నిర్ణయం తర్వాతి ఏళ్ళలో జరిగింది. కానీ కాదని చెప్పగలిగిన గొంతు ఆ కీలకమైన ఏళ్ళలో ద్వీపాల్లో లేకుండా పోయిందన్నది మాత్రం నిజం.

ఇక ఓడ సంగతి. 1985 మే నెలలో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడ రెయిన్‌బో వారియర్ మార్షల్ దీవుల్లో అమెరికా బాంబు ధూళి పడిన రాంగెలాప్ జనాన్ని, వాళ్ళు అడగబట్టే, వేరే దీవికి చేర్చింది. తర్వాత పరీక్షలకు నిరసనగా మురురోవాకు వెళ్ళడానికి ఆక్లాండ్ రేవులో ఉండగా జూలై 10 రాత్రి ఫ్రెంచి గూఢచారులు బాంబులు పెట్టి ముంచేశారు, ఫెర్నాండో పెరేరా అనే ఫొటోగ్రాఫర్ చనిపోయాడు. పట్టుబడిన ఇద్దరు గూఢచారులకు న్యూజిలాండ్ కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఒప్పందం మీద వాళ్ళను హావో అనే దీవికి పంపారు, అది ఆ పరీక్షా కేంద్రానికే సైనిక స్థావరం. అక్కణ్ణుంచి గడువు తీరకముందే ఫ్రాన్స్ చేరారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఫ్రెంచి పాలినేషియాను ఇంకా స్వపరిపాలన రాని ప్రాంతాల జాబితాలో తిరిగి చేర్చింది. ఓడ కథ చెప్పి దీవి కథ చెప్పకపోతే పాపకు సగమే అందుతుంది.

ప్రశ్న: ఇవన్నీ సరే. మనం కూడా పోఖ్రాన్‌లో పేల్చాం. ఇతరులను అనే హక్కు మనకుందా?
— పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు కోపంగా అడిగినా అడగాల్సిందే అడిగారు.

1954 మార్చి 1న మార్షల్ దీవుల్లోని బికినీ దగ్గర అమెరికా 15 మెగాటన్నుల బాంబు పేల్చినప్పుడు రాంగెలాప్, ఉతిరిక్ దీవుల మీదా, ఒక జపాన్ చేపల పడవ మీదా బూడిద కురిసింది. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో పరీక్షలన్నీ ఆపాలని ప్రతిపాదించాడు, ప్రపంచంలో ఒక ప్రభుత్వాధినేత అలా అడగడం అదే మొదలని చెబుతారు. మార్షల్ దీవుల వాళ్ళు కూడా ఆ నెలలోనే ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళ దీవులు అమెరికా సొంతం కావు, ప్రపంచం తరఫున ధర్మకర్తగా చూసుకోమని అప్పగించినవి. మాకు భూమి అంటే పంటలు వేసుకుని ఇళ్ళు కట్టుకునే చోటే కాదు, మా ప్రాణమే అని ఆ అర్జీలో రాశారు. ధర్మకర్తృత్వ మండలిలో భారత ప్రతినిధి కృష్ణ మీనన్, అప్పగించిన ఆస్తి మీద ఇలా చేసే హక్కు ధర్మకర్తకు ఉందా అని నిలదీశాడు. మండలి పరీక్షలు ఆపమనలేదు, జాగ్రత్తలు తీసుకోమని సరిపెట్టింది. 1946 నుంచి 1958 దాకా అక్కడ 67 పరీక్షలు జరిగాయి.

అదే మార్షల్ దీవులు 2014లో అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి, నిరాయుధీకరణ చర్చలు చెయ్యడం లేదని. ఆ న్యాయస్థానం పరిధిని ఒప్పుకున్నవి మూడే కాబట్టి బోనులో మిగిలింది బ్రిటన్, పాకిస్తాన్, మనం. 1954లో వాళ్ళ తరఫున మాట్లాడిన దేశం ఈసారి ఎదుటి బల్ల దగ్గర కూర్చుంది. 2016 అక్టోబర్‌లో, అసలు వివాదమే లేదన్న సాంకేతిక కారణం మీద కేసు కొట్టేశారు. మన మీద కేసులో 9 మంది అటు, 7 గురు ఇటు.

పోఖ్రాన్ భూగర్భ పరీక్షలు, గాలిలో పేల్చినవాటితో వాటిని సమానం చెయ్యను. మనకు భద్రత అక్కర్లేదని కూడా అనను. కానీ థార్ ఎడారి అంచున ఖేతోలాయి అనే ఊరుంది. 1998 మేలో ఆ ఊరివాళ్ళను ఇళ్ళలోంచి బయటికి వచ్చి నిలబడమన్నారు, గోడలు బీటలు వారాయి. ఎడారి ఖాళీ కదా అన్న మాట మన నోటి నుంచి కూడా వచ్చిందా లేదా? వచ్చింది. కాబట్టి అనే హక్కు సంగతి తర్వాత, రెగ్గాన్ గురించి వేసిన ప్రశ్న ఖేతోలాయి గురించి కూడా వెయ్యాలి, కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని పక్కన నీళ్ళ గురించి అడిగే రైతుల మాట కూడా అంతే శ్రద్ధగా వినాలి. మీ ప్రశ్న నాకు నచ్చింది అందుకే.

ప్రశ్న: నేను చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రభుత్వాలు దాచిపెట్టిన విషయాన్ని చరిత్రకారులు ఎలా రాస్తారు? ఏది నమ్మాలి?
— పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కష్టమే. ఫ్రాన్స్‌లో 2008 చట్టం అణ్వాయుధ తయారీకి పనికొచ్చే సమాచారం ఉన్న పత్రాలను ఎప్పటికీ తెరవకూడదంది. ఉద్దేశం మంచిదే కావచ్చు, ఒక్క వాక్యం కోసం పెట్టె మొత్తం మూసేసే వీలు కూడా దాంతో వచ్చింది. 2021లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ పపేఏతేకి వెళ్ళి ఫ్రాన్స్ ఈ దీవులకు రుణపడి ఉందని ఒప్పుకున్నాక పాలినేషియా పత్రాలు కొంత తెరుచుకున్నాయి. అల్జీరియా విషయంలో ఇంకా చాలా మూసే ఉంది. ఎడారిలో పాతిపెట్టిన సామగ్రి ఎక్కడుందో పటాలు ఇవ్వమని అల్జీరియా ఇప్పటికీ అడుగుతోంది.

పరిహారం సంగతి కూడా పత్రాల మీదే ఆధారపడుతుంది. 2010 ఫ్రెంచి చట్టం బాధితులకు పరిహారం అంది గానీ ముప్పు లెక్కలోకి రానంత తక్కువ అనిపిస్తే తోసెయ్యొచ్చని ఒక ముక్క చేర్చింది, 2017లో తీసేసేదాకా దాని కింద ఎన్నో అర్జీలు పోయాయి. ఆ రోజు ఎక్కడున్నావో కాగితం చూపించమంటే సైనికుడు చూపిస్తాడు, మేకల కాపరి ఏం చూపిస్తాడు?

కాబట్టి నా సలహా, మూడు నాలుగు దేశాల పత్రాలు కలిపి చదవండి. ఫ్రాన్స్ మూసిన విషయం అక్రా, లండన్, న్యూయార్క్ పెట్టెల్లో దొరకవచ్చు. మనుషుల జ్ఞాపకాలు వినండి, కానీ మనసుకు నచ్చిన కథనల్లా నమ్మకండి. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2021 ఫిబ్రవరిలో సహారా దుమ్ము ఫ్రాన్స్ మీద పడింది, ఆకాశం నారింజ రంగైంది, ఆ దుమ్ములో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం కనబడింది. తను పేల్చిన బాంబు బూడిద అరవై ఏళ్ళకు తన ఇంటికే తిరిగొచ్చిందని ప్రపంచమంతా రాశారు. నేనూ చాలామందికి చెప్పాను. తర్వాత 2022లో వచ్చిన అలాంటి దుమ్మును శాస్త్రవేత్తలు పరీక్షించి ప్లుటోనియం రకాల నిష్పత్తి చూస్తే అది ఫ్రెంచి బాంబుల గుర్తు కాదు, అమెరికా, సోవియట్ పరీక్షల నుంచి భూగోళమంతా పరుచుకున్న ధూళి గుర్తు. కథ బాగుంది, నిజం వేరే. దానివల్ల రెగ్గాన్‌లో జరిగిన అన్యాయం ఇసుమంతైనా తగ్గదు, కానీ మనం తప్పు ఆధారం చూపిస్తే అవతలివాడు మొత్తాన్నీ కొట్టేస్తాడు.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు గిరిమిట్ (కూలి ఒప్పందం) మీద ఫిజీ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఫిజీ వాళ్ళ మీద కూడా అణు పరీక్షల ప్రభావం ఉందా?
— పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఉందమ్మా. ఫిజీ 1970 అక్టోబర్ దాకా బ్రిటిష్ వలస. 1957, 58ల్లో బ్రిటన్ మాల్డెన్, క్రిస్మస్ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబులు పరీక్షించినప్పుడు దాదాపు 300 మంది ఫిజీ సైనికులను, నావికులను అక్కడికి తీసుకెళ్ళింది. వాళ్ళలో చాలామంది తర్వాత జబ్బుల గురించి చెప్పారు, బ్రిటన్ నుంచి పరిహారం రాలేదు. 2015లో ఫిజీ ప్రభుత్వమే అప్పటికి బతికున్న 24 మందికి తలా 9,855 ఫిజీ డాలర్లు ఇచ్చింది. వెళ్ళినవాళ్ళు ప్రధానంగా ఆదివాసీ ఫిజియన్లు, మనవాళ్ళు సైన్యంలో చాలా తక్కువ.

కానీ ఫ్రాన్స్ మురురోవా పరీక్షలకు ఎదురుగా 1970లో ఫిజీ రాజధాని సువాలో విద్యార్థులు, అధ్యాపకులు, మహిళా సంఘాల వాళ్ళు కలిసి ఒక కమిటీ పెట్టారు. 1975 ఏప్రిల్‌లో అదే సువాలో అణ్వాయుధాలు లేని పసిఫిక్ కోసం మొదటి మహాసభ జరిగింది. వచ్చిన దీవుల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, మా దీవి మా చేతిలో లేనంతకాలం బాంబు ఆగదు అన్నారు, తర్వాత ఆ ఉద్యమం పేరులోనే స్వతంత్ర పసిఫిక్ అన్న మాట చేరింది. మీ వాళ్ళు ఆ రోజుల్లో సువాలోనో, లంబాసాలోనో ఉండి ఉంటే ఆ ఊరేగింపులు కళ్ళారా చూసి ఉండవచ్చు.

అటువైపు బంధువులతో ఇంకా రాకపోకలుంటే ఒకసారి అడిగి చూడండి. పాత ట్రంకు పెట్టెల్లో ఆ ఏళ్ళ నాటి ఉత్తరాలు గానీ, సువా తెలుగువాళ్ళ సంఘం కాగితాలు గానీ దొరికితే పారెయ్యనివ్వకండి, ఫొటో తీసి పంపండి, చదివి పెట్టే పూచీ నాది.